నల్లా వచ్చిన రోజుల ఉష్ణోగ్రత

నాకు ముప్పై అయిదేళ్లు. ఈ వయసులో వృత్తి అనుభవాలు రాయడమేమిట్రా అని మా నాన్నగారే నవ్వారు. నిజానికి రిటైరైంది నేను కాదు, నేను చేసిన పని. పదకొండేళ్లపాటు ఒక చిన్న సంతాన చికిత్స క్లినిక్‌లో కూర్చుని, ఆడవాళ్లు పొద్దున్నే నోట్లో థర్మామీటర్ పెట్టుకుని రాసిన అంకెలను గీతలుగా మార్చి చదివాను. ఇప్పుడా గీతలను ఫోన్లు గీస్తున్నాయి. క్లినిక్ నడిపిన మేడమ్ పెద్దవారై మానేశారు. నేను శీతల గిడ్డంగులకు ఉష్ణోగ్రత సెన్సార్లు బిగించే పనిలో చేరాను. ఇప్పుడు నేను చూసేది మిరపకాయల బస్తాల వేడి, చింతపండు గదుల చలి.

ఇది రాయడానికి కారణం ఒక ఫోన్. నేను డిప్లొమా చదివిన కాలేజీలోనే చదివిన ఒక అమ్మాయి ఈ మధ్య ఒక క్లినిక్‌లో చేరింది. "సార్, చార్టు గందరగోళంగా వస్తే ముందు ఏం చూడాలి?" అని అడిగింది. నాకు జాబితాలంటే ఇష్టం. వెంటనే ఏడు అంశాలు చెప్పాను. థర్మామీటర్ బ్యాటరీ, జ్వరం, నిద్ర, నోరు తెరిచి పడుకునే అలవాటు, వగైరా. ఆమె రాసుకుని థాంక్స్ చెప్పింది. ఫోన్ పెట్టేశాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి కిటికీ దాకా వెళ్లాను, వచ్చి కూర్చున్నాను, మళ్లీ లేచాను. ఎనిమిదోది చెప్పలేదు. అది ఒక వాక్యంలో చెప్పగలిగింది కాదు.

పని ఎలా ఉండేది

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. అండం విడుదలయ్యాక స్త్రీ శరీరం కొద్దిగా వేడెక్కుతుంది. ఎంత అంటే, ఫారెన్‌హీట్‌లో అర డిగ్రీ అటూ ఇటూ. ఆ వేడి మళ్లీ నెలసరి వచ్చేదాకా నిలుస్తుంది. ఇంత చిన్న తేడాను మామూలు జ్వరం థర్మామీటర్‌తో నమ్మకంగా పట్టుకోలేం. అందుకని దశాంశం తర్వాత రెండు అంకెలు చూపించే థర్మామీటర్ ఇచ్చేవాళ్లం. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, నీళ్లు కూడా తాగకముందే నాలుక కింద పెట్టుకోవాలి. చార్టులో చుక్క పెట్టాలి. చుక్కలు కలిపితే నెల మధ్యలో ఒక మెట్టు కనబడాలి. మెట్టు కనబడితే అండం విడుదలైనట్టు.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు మొదట తెలుసుకోవలసింది, ఇది ముందుగా ఏమీ చెప్పదు. రైలు వెళ్లిపోయాక గేటెత్తినట్టు, విడుదలయ్యాకే మెట్టు కనిపిస్తుంది. గర్భం నిలిచే అవకాశం ఉన్న రోజులేమో అంతకు ముందటి నాలుగైదు రోజులు, ఆ రోజు. అంటే మెట్టు కనబడేసరికి ఆ నెల అవకాశం దాదాపు అయిపోయినట్టే. మూడు నాలుగు నెలల చార్టులు పక్కపక్కన పెట్టుకుంటే, వచ్చే నెల ఎప్పుడన్నది ఒక అంచనాకు రావచ్చు. అంతకు మించి చెప్పేవాళ్లను నమ్మకండి. నేనూ మొదటి సంవత్సరం అంతకు మించే చెప్పాను.

మా క్లినిక్ చాంద్రాయణగుట్ట వెళ్లే రోడ్డు మీద, ఒక చెప్పుల దుకాణం పైన. రెండు గదులు, మధ్యలో ఆకుపచ్చ తెర. లోపలి గదికి మెట్ల మీంచే వేరే తలుపు ఉండేది, అందులో మేడమ్, నర్సు జుబేదా ఆపా, వచ్చిన ఆడవాళ్లు. బయటి గదిలో ఒక బల్ల, దాని వెనక నేను. గ్రాఫు కాగితాలు, స్కేలు, రెండు రంగుల పెన్సిళ్లు, మూడు రబ్బరు ముద్రలు. ముద్రలు నేను చేయించినవే. మొదటిది "విడుదల కనిపించింది". రెండోది "విడుదల కనిపించలేదు". మూడోది "కొలతలు నమ్మదగినవి కావు". చేతిరాత ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా ఉంటుందని, ముద్ర అయితే ఎప్పుడూ ఒకేలా ఉంటుందని నా వాదన.

చేరిన రోజే మేడమ్ ఒక నియమం పెట్టారు. ఆవిడది గుంటూరు వైపు, మాట సూటిగా ఉండేది.

"చూడు మురళీ, ఇక్కడికొచ్చే ఆడపిల్లలు మగవాడితో ఈ సంగతులు మాట్లాడరు. మాట్లాడించకు. నువ్వు కాగితంతో మాట్లాడు. మనిషితో జుబేదా మాట్లాడుతుంది."

నాకూ అదే హాయి అనిపించింది. కాగితం సిగ్గుపడదు, ఏడవదు. పదకొండేళ్లలో చాలావరకు నేను ఎవరి ముఖమూ చూడలేదు. తెర కిందుగా జుబేదా ఆపా చెయ్యి వచ్చేది, చార్టు ఇచ్చేది. ముద్ర వేసి తిరిగి ఆ చేతికే ఇచ్చేవాణ్ని.

అబద్ధాల చార్టులు

పనిలో చేరిన కొత్తలో ఒక చార్టు వచ్చింది. ముప్పై రోజులూ 97.60. ఒక్క చుక్క అటూ ఇటూ కాలేదు. మూడో ముద్ర తీశాను. జుబేదా ఆపా తెర పక్కకు లాగి నా చెయ్యి పట్టుకుంది.

"ఠైరో బేటా. గది అబద్ధం కాదు, డర్, భయం. మెషీన్ మోగుతది గద, కూ కూ అని. పక్కన తోడికోడలు పండుకుంటది. చప్పుడైతే ఇల్లంత తెలుస్తది. గందుకే పెట్టుకోలే, రాసింది."

అప్పటి నుంచి మోత రాని థర్మామీటర్లు తెప్పించాం. నా జాబితాలో "థర్మామీటర్ చప్పుడు" అనే అంశం అలా చేరింది. ఇంకొకామె థర్మామీటర్‌ను గాజుల డబ్బాలో దాచేది, దాన్ని కిటికీలో పెట్టేది, ఎండకు అది పాడైంది. జాబితాలో ఇంకొకటి. రంజాన్ నెలలో తెల్లవారకముందే సహరీ భోజనానికి లేచే ఆడవాళ్ల చార్టులు గజిబిజిగా వచ్చేవి, జుబేదా ఆపా తనూ ఉపవాసం ఉండే మనిషి కాబట్టి ఆ సంగతి నాకు మొదటి ఏడే చెప్పింది. అదీ చేరింది. జాబితా పెరుగుతున్నకొద్దీ నాకు ధీమా పెరిగింది. అన్నీ రాసేశాను, ఇక కొత్తగా తప్పు రావడానికి ఏమీ మిగల్లేదు అనుకున్నాను.

ఆ ధీమాతోనే సూచనల కాగితం ఒకటి తయారు చేశాను. ఒక్కో ఆమె ఒక్కో సమయానికి కొలుస్తోంది కాబట్టి, మొదటి సూచన లావు అక్షరాలతో ఇలా పెట్టాను. "ప్రతిరోజూ సరిగ్గా ఉదయం ఆరు గంటలకు, పడుకుని ఉండగా, నాలుక కింద పెట్టుకోవాలి."

చదవండి, తప్పు కనబడదు. మేడమ్‌కూ కనబడలేదు.

రంపం

శ్రీలత అనే ఆమె కార్వాన్ నుంచి వచ్చేది. రెండు బస్సులు మారి ఇంత దూరం ఎందుకంటే, ఇక్కడ తెలిసినవాళ్లు తారసపడరని. పెళ్లయి ఆరేళ్లు. అత్తగారివాళ్లది ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం, చింతపండు హోల్‌సేల్ వ్యాపారం, మూడు తరాలది. మొదటిసారి వచ్చినప్పుడు అత్తగారు కూడా వచ్చింది, లోపల ఆవిడ గొంతే ఎక్కువ వినబడింది.

"మా పోరడు మంచిగనే ఉన్నడు డాక్టరమ్మా. దుకాణంల బస్తాలు ఎత్తుతడు. ముంగట ఈ పిల్లకు చూడున్రి. తప్పు ఈమెది కాదని తేలితే అప్పుడు వానికి చేద్దాం."

మేడమ్ ఒప్పుకున్నారు. ఇక్కడ నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. మేడమ్ మంచి డాక్టర్, చెయ్యి మంచిది, ఓర్పు ఉన్న మనిషి. కానీ ఈ ఒక్క విషయంలో ఆవిడ తప్పు చేసేవారు. భార్యాభర్తలిద్దరికీ పరీక్షలు మొదటి రోజే రాయాలి. రాస్తే కుటుంబాలు లేచి వేరే క్లినిక్‌కి పోతాయని ఆవిడ భయం. పోతే పోనివ్వాలి. మీ పై అధికారి ఎవరైనా ఇలా చేస్తుంటే, కనీసం ఒకసారి అడగండి. నేను అడగలేదు.

అలా, భర్త రాజేందర్ పరీక్ష చేయించుకుంటాడా లేదా అన్నది నా ముద్ర మీద ఆధారపడింది.

శ్రీలత మొదటి చార్టు చూసి రంపం అనుకున్నాను. నెల మొదట్లో ఒక రోజు 97.9, మర్నాడు 97.4, మళ్లీ 97.9, మళ్లీ 97.4. నెల పొడుగునా పళ్లే. రోజు విడిచి రోజు ఇంత కచ్చితంగా ఎక్కి దిగే శరీరం ఉండదు, పరికరంలో లోపం అనుకుని కొత్త థర్మామీటర్ పంపాను. రెండో నెలా రంపమే. అప్పుడు ఆమె థర్మామీటర్ తెప్పించి, స్పిరిట్‌తో తుడిచి, ఏడు రోజులు పొద్దున ఆరింటికి నా నోట్లోనే పెట్టుకుని చూశాను. గీత సాఫీగా వచ్చింది. తిరిగి ఇచ్చాను. మూడో నెల, మళ్లీ రంపం.

మెట్టును గుర్తించడానికి మాకు ఒక సూత్రం ఉంది. వరుసగా మూడు రోజుల కొలతలు, వాటి ముందు ఆరు రోజుల్లో దేనికన్నా ఎక్కువ ఉండాలి. రంపంలో వరుసగా మూడు ఎప్పటికీ రావు, మధ్యలో ఒక పల్లం తప్పదు. నేను ఇలా తర్కించాను. పరికరం సరైనది. కాబట్టి కొలత సరైనది. కొలత సరైనదైతే, సూత్రం ప్రకారం మెట్టు లేదు. కాబట్టి రెండో ముద్ర.

మూడు చార్టుల మీదా వేశాను. టక్, టక్, టక్. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.

కొలతకు, పరికరానికి నడుమ ఒక మనిషి ఉంటుందని, ఆమెకు ఒక ఇల్లు ఉంటుందని నా తర్కంలో లేదు. స్కాన్‌కి పంపితే తేలిపోయేది. దానికి నెలలో నాలుగైదు సార్లు వేరే చోటికి వెళ్లాలి. అన్నిసార్లు కోడల్ని బయటికి పంపం అన్నారు ఇంట్లోవాళ్లు. మేడమ్ నా ముద్రలు చూసి, అండం విడుదల కోసం మాత్రలు మొదలుపెట్టారు.

ఆ మూడు కాగితాలు కార్వాన్‌లో ఇంటి హాల్లో అందరి ముందూ పరిచారని తర్వాత జుబేదా ఆపా చెప్పింది. రాజేందర్ చూసి, "కాగితమే చెప్తుంది గద, ఇంక నాకెందుకు?" అన్నాడట. మాత్రలతో శ్రీలతకు తలనొప్పి, ఒంట్లో సెగలు. రెండు నెలలు మింగింది.

పైపు పగిలిన వారం

అయిదో చార్టు తీసుకుని ఆమె ఒక్కతే వచ్చింది. తెర కింద నుంచి కాగితం అందుకుని అలవాటుగా చుక్కలు కలుపుతున్నాను. రంపం, రంపం, రంపం. ఒక చోట చెయ్యి ఆగింది. రెండు పల్లాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒక పన్ను విరిగింది. అక్కడి నుంచి పళ్లన్నీ ఒక రోజు పక్కకు జరిగాయి. అంతకుముందు సరి తేదీల్లో ఉన్న ఎత్తులు ఆ తర్వాత బేసి తేదీల్లో ఉన్నాయి.

శరీరం తారీఖులు చూసుకోదు. ఇంకేదో చూసుకుంటోంది.

"ఆపా, పద్నాలుగో తారీఖు పొద్దున ఏమైందో అడగండి" అన్నాను.

తెరలోపల గుసగుసలు. తర్వాత ఆపాకు కాకుండా నాకే వినబడేలా ఆమె గొంతు.

"ఏం కాలే అన్నా. ఆ దినం నల్లా రాలే. పైప్‌లైన్ పలిగింది. తెల్లారి వచ్చింది."

నేను పెన్సిల్ కింద పెట్టాను. మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకు ఉంది. మంచినీళ్లు ఎప్పుడొస్తాయో వాచ్‌మన్‌కు తెలుసు, నాకు తెలియదు. ఎప్పుడూ తెలియాల్సిన అవసరం రాలేదు. నోరు తెరిచేలోగా జుబేదా ఆపా అందుకుంది.

"మీకు నల్లా ఎన్ని గంటలకొస్తది?"

"నాలుగు గంటలకు. దినం తప్పి దినం. మూడు పోర్షన్లకు ఒక్కటే నల్లా ఆపా. మోటార్ ఏసి, కింద నీళ్ల హౌజ్ నింపి, పైన డ్రమ్ములకు పైపు పట్టాలె. చిన్న కోడల్ని గద, నాదే డ్యూటీ."

"మరి థర్మామీటర్ ఎప్పుడు పెట్టుకుంటవు?"

"ఆరు గంటలకు. కాగితంల గట్లనే రాసిన్రు గద? పడుకుని ఉండగా అని. నీళ్లు పట్టుడు అయినంక చేతులు తుడుచుకుని, మల్లొచ్చి పండుకుని, సరీగ ఆరింటికి పెట్టుకుంట. మా అత్తమ్మ ఒకటే తిట్లు. రాణిగారికి మల్ల పక్క ఎక్కాలె, పొయ్యి మేం ముట్టియ్యాలె అంటది. ఏం జేస్త? డాక్టరమ్మ కాగితం అని చెప్పి పండుకుంటున్న."

"హాయ్ అల్లా!" అంది జుబేదా ఆపా. "రెండు గంటలు నీళ్లు మోసొచ్చి పండుకుంటే పానం వేడిగుండదా? గదేం చార్ట్, అయిదు నెలల సంది నల్లా చార్ట్ ఇది!"

శ్రీలత నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె నా కాగితంలోని ప్రతి మాటా పాటించింది. సరిగ్గా ఆరు గంటలు. పడుకుని ఉండగా. నాలుక కింద. ఆ సూచన కోసం ఇంట్లో తిట్లు కూడా తింది. నిద్ర లేవగానే, మంచం దిగకముందే అన్న అసలు మాట నేను లావు అక్షరాల్లో పెట్టలేదు. అసలు పెట్టనే లేదు. ఆరింటికి అందరూ నిద్ర లేస్తారని నా లెక్క, ఎందుకంటే నేను లేస్తాను.

అయిదు చార్టులూ బల్ల మీద పరిచాను. నల్లా వచ్చిన రోజుల చుక్కల్ని ఎర్ర పెన్సిల్‌తో, రాని రోజుల చుక్కల్ని నీలంతో విడివిడిగా కలిపాను. రంపం మాయమైంది. ఒకదాని మీద ఒకటి రెండు గీతలు, రెండింటిలోనూ పదిహేనో రోజు దాటాక మెట్టు. నీలం 97.4 నుంచి 97.9కి, ఎరుపు 97.9 నుంచి 98.4కి. మెట్టెక్కిన నీలం సరిగ్గా మెట్టెక్కని ఎరుపు ఎత్తులో ఉంది. నా సూత్రం దాన్ని ఎప్పటికీ చూడలేకపోయేది. మాత్రలు వేసుకోకముందు వేసిన మూడు చార్టుల్లోనూ మెట్టు ఉంది. మొదటి నెల నుంచీ ఉంది.

మేడమ్ చెప్పిన మాట

కాగితాలు పట్టుకుని తెర ఇవతలే నిలబడి మేడమ్‌ని పిలిచాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మొదటి మూడింట్లో కూడానా?"

"అవును మేడమ్."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మెల్లగా అన్నారు.

"మాత్రలు ఈ రోజే ఆపేద్దాం. ఈ నెల చార్టు మీద మాత్రం ఒక మాట రాసెయ్యి. మందులతో పరిస్థితి మెరుగుపడింది, విడుదల కనిపిస్తోంది అని. అప్పుడు భర్త పరీక్ష అడగొచ్చు. మన మర్యాదా ఉంటుంది, వాళ్ల మర్యాదా ఉంటుంది. పాతవి కదిలిస్తే ఆ కుటుంబం మనల్ని నమ్మదు మురళీ."

తీసి పారేయదగ్గ మాట కాదు. పని జరుగుతుంది. భర్త పరీక్షకు వస్తాడు. ఎవరికీ నష్టం లేదు అనిపించింది. బల్ల దగ్గరికి వచ్చి పెన్ను తీశాను. "మందులతో" అని రాశాను కూడా. తర్వాత చెయ్యి నడవలేదు. పెన్ను మూత పెట్టాను, తీశాను. స్కేలు సర్దాను. లేచి మెట్ల దాకా వెళ్లి వచ్చాను. కింద చెప్పుల దుకాణంలో ఎవరో సైజు గురించి గొడవ పడుతున్నారు.

తెర పలచనిది. మేడమ్ మాటలు లోపలికి వినబడ్డాయని నాకు తట్టలేదు. నేను మళ్లీ కూర్చోగానే తెర పక్కకు జరిగింది. జుబేదా ఆపా అనుకున్నాను. శ్రీలత. అయిదు నెలల్లో మొదటిసారి ఆమెను చూశాను. సన్నగా ఉంది, అరచేతులకు పైపు రాపిడి గుర్తులున్నాయి.

"మందులతోటి మంచిగైందని రాస్తున్నరా అన్నా?"

నేను కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"గట్ల రాస్తే ముంగట చెడిపోయుంటి అన్నట్టే గద? ఆరేండ్ల సంది గదే అంటున్నరు. ఇప్పుడు మీరు గూడ సంతకం పెడ్తున్నరు."

"పాతవి కొట్టేసి కొత్తవి ఇస్తాను" అన్నాను.

"కొట్టెయ్యకున్రి. కొట్టేస్తే నేనే కొట్టేసిన అంటరు. గవే కాగితాలు, గదే ముద్ర ఉండనీయున్రి. కింద రాయున్రి. కొలిచే టైం మేం తప్పు చెప్పినం అని. ముద్ర ఎంత పెద్దగ గుద్దిన్రో, గంత పెద్దగ."

జుబేదా ఆపా తెర అంచు పట్టుకుని నన్ను చూస్తోంది.

అయిదో చార్టు మీది "మందులతో" కొట్టేసి, పాత మూడు చార్టులు తీసి, మూడు ముద్రల కిందా అదే సైజు అక్షరాలతో రాశాను. "పై ముద్ర తప్పు. కొలిచే సమయం గురించి క్లినిక్ ఇచ్చిన సూచనలో పొరపాటు ఉంది. ఈ నెల విడుదల కనిపించింది." సంతకం పెట్టి మేడమ్ దగ్గరకు తీసుకెళ్లాను. ఆవిడ చదివి, నన్ను చూసి, తలుపు దగ్గర నిలబడ్డ శ్రీలతను చూశారు. "పెన్నివ్వు" అన్నారు. మూడింటి మీదా సంతకం చేశారు. భర్త పరీక్ష చీటీ కూడా అప్పుడే రాశారు.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. ఉద్యోగం పోతుందేమోనని ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది. పోలేదు. పోయినా ఈ భాగం ఇలాగే రాసేవాణ్ని అని చెప్పుకోవాలని ఉంది. కానీ ఆమె తెర తీయకపోతే నేను "మందులతో" తర్వాతి మాట కూడా రాసేవాణ్నేమో. ఆ సంగతి దాచి మీకు నీతులు చెప్పడం నాకు రాదు.

తరాజు

వారం తర్వాత శ్రీలత, భర్త, అత్తగారు ముగ్గురూ వచ్చారు. రాజేందర్ నా బల్ల ముందు నిలబడ్డాడు. పెద్ద మనిషి, దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా భుజాల మీద బెల్లం మరకలు.

"ఏంది భాయ్ ఇది? తప్పు కొలిచింది మీరు, పరీక్ష నాకా?"

"తప్పు మాదే" అన్నాను. ఇంకేం చెప్పాలో జాబితా రాసుకుని పెట్టుకున్నాను, అది జేబులోనే ఉండిపోయింది.

"రెండు నెలలు మందులు మింగించిన్రు. మిమ్ములను ఎట్ల నమ్మాలె?"

"నమ్మకండి. వేరే చోట చేయించుకోండి. కానీ మీరు చేయించుకోండి."

నా నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. అతను ఏదో అనబోయాడు. వెనక బెంచీ మీద కూర్చున్న అత్తగారు చార్టు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తోంది. ఆవిడకు గ్రాఫు తెలియదు. కానీ నలభై ఏళ్లు దుకాణంలో కూర్చున్న మనిషి.

"ఇగో, గీ ఎర్ర గీత నల్లా దినాలదా?"

"అవునమ్మా."

"గీ నీలిది నల్లా లేని దినాలది."

"అవును."

ఆవిడ కాగితం మడతపెట్టి కొడుకు చేతిలో పెట్టింది.

"తరాజుల రాయి పెట్టి తూకినం. తరాజు తప్పైతే సరుకు తప్పైతదా? నువ్వు గూడ తరాజు ఎక్కు పో. బస్తాలెత్తుడు ఒక్కటే మొగతనం గాదు."

తెర వెనక నుంచి జుబేదా ఆపా గొణుగు. "కోడల్ని సరుకంటదేంది ముసలమ్మ! అయినా బాత్ సహీ బోలీ, మాట సరిగ్గనే అన్నది."

రాజేందర్ చెవులు ఎర్రబడ్డాయి. చీటీ తీసి చదివాడు, మళ్లీ మడిచాడు. ఆ రోజు వెళ్లిపోయాడు. నాలుగు రోజుల తర్వాత ఒక్కడే వచ్చి, నా వైపు చూడకుండా రిపోర్టు బల్ల మీద పెట్టి, మేడమ్‌కు ఇవ్వమన్నాడు. అందులో ఏముందో ఇక్కడ రాయను. ఆ నెల నుంచి మందుల చీటీ మీద పేరు మారింది, అంతవరకు చెబుతాను. ఆ తర్వాత వాళ్లింట్లో ఏమైందన్నది శ్రీలత సంగతి. ఇది రాయవచ్చా అని ఫోన్‌లో అడిగినప్పుడు, "చార్టు ముచ్చట రాయున్రి, మిగిలింది మాది" అంది.

ఎనిమిదోది

సూచనల కాగితం మార్చాను. గంటలు తీసేశాను. "మెలకువ వచ్చిన వెంటనే, కాలు కింద పెట్టకముందు. ఏ గంటకు అయితే ఆ గంట, పక్కన రాయండి." చార్టులో ఒక కొత్త గడి పెట్టాను, రోజు ఎలా మొదలైందో రాయడానికి. నల్లా, సహరీ, పాలు, మామగారి మందు, ఏదైనా. మొదటి వారంలో వచ్చిన కాగితాలు చదివితే, వీళ్లందరూ అసలు ఎప్పుడు నిద్రపోతున్నారన్న అనుమానం వచ్చింది. రెండో ముద్రను సొరుగులో పెట్టాను, మళ్లీ తీయలేదు.

ఇప్పుడు ఫోన్లు గీతలు గీస్తున్నాయి. నాకన్నా చక్కగా గీస్తాయి. మీరు వాటితో పనిచేస్తారు, చెయ్యండి. గీత తేడాగా ఉంటే మాత్రం పరికరాన్ని నోట్లో పెట్టుకుని ఏడు రోజులు పరీక్షించే ముందు, ఆ మనిషిని ఒక్క నిమిషం అడగండి. తెర ఉంటే తెరలోంచే అడగండి. అదీ నేను ఆ అమ్మాయికి చెప్పలేకపోయింది. కోల్డ్ స్టోరేజీలో సెన్సార్ బిగిస్తూ ఉన్నట్టుండి నిచ్చెన దిగి, తలుపు ఎవరు ఎన్ని గంటలకు తీస్తారని అక్కడి హమాలీలను అడుగుతుంటాను. వాళ్లు నన్ను తిక్కవాడంటారు.

శ్రీలత తర్వాతి చార్టు తెర కింద నుంచి వచ్చిన రోజు బాగా గుర్తుంది. చుక్కలు కలిపాను. పళ్లు లేవు. నల్లా రోజుల్లోనూ ఆరింటికే కొలిచినట్టు పక్కన రాసి ఉంది, గీత సాఫీగా ఉంది, మధ్యలో ఒక్క మెట్టు. మళ్లీ తప్పు కొలుస్తోందా అనుకున్నాను. జుబేదా ఆపాను పిలవబోయి ఆగాను.

"అమ్మా" అన్నాను తెర వైపు తిరిగి. పదకొండేళ్లలో నేను మొదటిసారి నేరుగా వేసిన ప్రశ్న అదే. "నల్లా రోజుల్లో నీళ్లు ఎవరు పడుతున్నారు?"



"ఆయన పడుతుండు అన్నా" అంది. "నాలుగింటికి మోటార్ చప్పుడైతది, నాకు మెలకువొస్తది. అప్పుడు గూడ పెట్టుకుంటున్న, ఎనక రాసిన చూడున్రి. గని లేస్తలేను. ఆరు దాక గట్లనే పండుకుంటున్న."

కాగితం తిప్పాను. నాలుగు గంటల అంకెలు వెనక వరుసగా ఉన్నాయి.